రాత్రిపూట గుండె దడ: టెన్షనా, థైరాయిడా?

డాక్టరమ్మకు ఉత్తరం

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారమండి. మాది నరసాపురం దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు. ఇంటి దగ్గరే లేసు అల్లుతాను. మా ఆయన రొయ్యల చెరువు మీద ఉంటారు, రాత్రుళ్లు కాపలా కూడా అక్కడే. కొన్ని నెలలుగా అర్ధరాత్రి దాటాక గుండె దడదడలాడి మెలకువ వచ్చేస్తోంది. పక్క తిరిగి పడుకుంటే దిండులోంచి ఆ చప్పుడే వినబడుతోంది. ఒళ్లంతా చెమట. ఈసీజీ తీసి నార్మల్ అన్నారు. గ్యాస్ బిళ్లలు వాడాను, తగ్గలేదు. తర్వాత టెన్షన్ అని నిద్రమాత్ర రాశారు. ఆకలి బాగానే ఉంది, ఇదివరకటి కన్నా ఎక్కువే తింటున్నాను, అయినా జాకెట్లు వదులైపోయాయి. అల్లేటప్పుడు సూది వణుకుతోంది. ఒక అల్లిక బిగుతుగా, ఒకటి వదులుగా పడుతోందని పని ఇచ్చే ఆవిడ రెండుసార్లు వెనక్కి ఇచ్చేసింది. పిల్ల పెళ్లి దిగులు ఉన్నమాట నిజమే. ఇదంతా టెన్షనేనా? అయోడిన్ ఉప్పు మానేయమని మా వదిన అంటోంది, మానేయమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో లేసు సూది దగ్గర నేను ఆగిపోయాను. పిల్ల పెళ్లి దిగులుతో తల్లికి నిద్ర పట్టకపోవచ్చు, అన్నం సయించకపోవచ్చు. కానీ మారు వడ్డించుకుని తింటూ కూడా చిక్కిపోతోందంటే దిగులు ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. తిండి పెరిగినా బరువు తగ్గడం, వేళ్లు సన్నగా వణకడం, చెమటలు, రాత్రి దడ, ఇవన్నీ ఒకే మనిషిలో కనబడితే నిద్రమాత్ర కన్నా ముందు రాయాల్సింది థైరాయిడ్ పరీక్ష. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ పరీక్ష మాట లేదు.

మన వైపు ఆడమనిషి గుండె దడ అంటే ముందు గ్యాస్ అంటారు, అది కాకపోతే టెన్షన్ అంటారు. పైపెచ్చు ఒళ్లు తగ్గితే పెళ్లిళ్లలో "ఏం చేశావే, ఎంత నాజూగ్గా అయ్యావో" అని మెచ్చుకోళ్లు కూడానూ. ఆ మెచ్చుకోళ్ల వల్లే కొందరు నా దగ్గరికి ఆర్నెల్లు ఆలస్యంగా వస్తారు.

మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి టీ3, టీ4 అనే హార్మోన్లు తయారుచేస్తుంది. అవి మోతాదు మించితే మొదట తెలిసేది గుండెకే. టీ3 గుండె కండరంలోకే వెళ్లి పనిచేస్తుంది. గుండె వేగాన్ని నడిపే చోటును తొందరపెడుతుంది, అడ్రినలిన్‌కి గుండె మరీ తేలిగ్గా ఉలిక్కిపడేలా చేస్తుంది. రక్తనాళాలు వదులవుతాయి కాబట్టి గుండె ఎక్కువ రక్తం తోయాల్సి వస్తుంది. బీపీ చూస్తే పై అంకె పెరిగి, కింది అంకె తగ్గి కనబడటం ఇందులో మామూలే. ఇదంతా పగలూ జరుగుతుంది. కాకపోతే పగలు వంట, పిల్లలు, టీవీ, వీధి గొడవ. రాత్రి అవేమీ ఉండవు. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే గుండె కొన ఛాతీ గోడకి మరింత దగ్గరవుతుంది, కొట్టుకోవడం ఇంకా తెలుస్తుంది. దిండులో మీకు వినిపించేది ఇదే.

టెన్షన్ దడకీ థైరాయిడ్ దడకీ తేడా ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. టెన్షన్ మనిషికి నిద్రపోయాక గుండె నెమ్మదిస్తుంది. థైరాయిడ్ ఎక్కువైన మనిషికి గాఢనిద్రలో కూడా పెద్దగా తగ్గదు. అందుకని చెరువు కాపలా లేని రోజున మీ ఆయన్ని అడగండి, మీరు నిద్రలో ఉండగా నాడి లెక్కపెట్టమని. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు పల్లంలో చూపుడువేలూ మధ్యవేలూ ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే తాళం తప్పడం తెలియదు. బొటనవేలితో చూడకూడదు, దాని నాడి దానికే తగులుతుంది. మీరు కూడా పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే చూసుకుని క్యాలెండర్ మీద రాయండి. నిద్రలో, పడుకుని ఉన్నప్పుడు రోజూ 90 దాటుతోందంటే ఆ క్యాలెండర్ కాగితాన్ని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. దానికి రిపోర్టుకున్నంత విలువ ఉంది.

ఇంకొకటి. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు విడదీసి, వాటి మీద ఒక న్యూస్ పేపర్ కాగితం వేయించుకోండి. కంటికి కనబడని వణుకు కాగితం అంచు దగ్గర కనబడుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లకి మొదట చేయించేది ఇదే. రెండోది, దడ ఎలా వస్తుందో బల్ల మీద వేలితో కొట్టి చూపించమంటాను. గబగబా ఒకే వరసలో కొట్టారా, మధ్యమధ్య తప్పిస్తూ అడ్డదిడ్డంగా కొట్టారా అన్నదాంట్లో సగం సంగతి తెలిసిపోతుంది.

ఈసీజీ నార్మల్ అన్నారంటే, ఆ కాగితం మీద ఉన్నది సుమారు పది సెకన్ల గుండె. మీ దడ రాత్రి రెండింటికి, ఈసీజీ పగలు పదకొండింటికి. అవసరమైతే 24 గంటలు ఒంటి మీదే ఉండి గుండె లయని రాసుకునే హోల్టర్ అనే చిన్న యంత్రం పెడతారు. దానికన్నా ముందు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీ3, హిమోగ్లోబిన్, షుగర్ చేయించండి. రక్తహీనత ఉన్నా ఇలాగే దడ వస్తుంది, మన ఆడవాళ్లలో అది తక్కువేమీ కాదు.

రిపోర్టు చదవడంలో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. టీఎస్‌హెచ్ తక్కువ అని ఉంటే థైరాయిడ్ తక్కువగా ఉందనుకుంటారు. అది తిరగేసి చదవాలి. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ది కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే హుకుం. కాలవ నిండితే లాకుల దగ్గర తలుపులు దించేసినట్టు, ఒంట్లో హార్మోన్ ఎక్కువైతే పిట్యూటరీ ఆ హుకుం ఆపేస్తుంది. మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాల్సింది 0.1 కన్నా కిందికి పడిపోయి, టీ4 గానీ టీ3 గానీ పెరిగి ఉంటే హైపర్‌థైరాయిడ్ అన్నమాట.

అప్పుడు కూడా వెంటనే మందు మొదలెట్టేయకూడదు, కారణం తేలాలి. మీ వయసు ఆడవాళ్లలో ఎక్కువగా చూసేది గ్రేవ్స్ జబ్బు. 1835లో రాబర్ట్ గ్రేవ్స్ అనే డబ్లిన్ డాక్టరు తన దగ్గరికి వచ్చిన ఆడవాళ్ల గురించి రాసినప్పుడు ముఖ్యంగా చెప్పింది కూడా ఆగని గుండెదడ, మెడ వాపు గురించే. మన రోగనిరోధక శక్తే పొరపాటున థైరాయిడ్‌ని పొడిచి పొడిచి పని చేయించడం వల్ల వస్తుంది. కళ్లు పెద్దవైనట్టు, ఇసుక పడ్డట్టు ఉన్నా డాక్టరుకి చెప్పండి. కొందరిలో గ్రంథి వాచి, లోపల దాచుకున్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తుంది. అది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, దానికి గ్రేవ్స్ మందు వేస్తే దండగ. రెంటికీ తేడా ట్రాబ్ అనే రక్తపరీక్షతో గానీ టెక్నీషియం స్కాన్‌తో గానీ తెలుస్తుంది.

గ్రేవ్స్ అని తేలితే సాధారణంగా కార్బిమజోల్ ఇస్తారు, ఏడాది, ఏడాదిన్నర వాడాల్సి వస్తుంది. దాని ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఈలోగా దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ లాంటిది ఇస్తారు. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, వాళ్లకి అది పడదు. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబే కదా అని ఊరుకోవద్దు. మాత్ర ఆపి అదే రోజు తెల్లరక్తకణాల లెక్క చూపించుకోవాలి. అరుదే గానీ ఆ మందుతో ఆ కణాలు బాగా పడిపోవచ్చు.

ఉప్పు మార్చాల్సిన పని లేదు. వంటలో వేసే అయోడిన్ ఉప్పు వల్లా, మీరు తినే సముద్రపు చేపల వల్లా ఈ జబ్బు రాలేదు. మీ వదిన గారితో నేను చెప్పానని చెప్పండి. ఒళ్లు తగ్గే పొడులు, పేరు తెలియని మాత్రలు ఏవైనా వాడుతుంటే మాత్రం ఆపండి. అలాంటి వాటిలో థైరాయిడ్ హార్మోన్ కలిపి పట్టుబడ్డ సందర్భాలున్నాయి.

పరీక్ష దాకా ఆగకుండా బయలుదేరాల్సిన రాత్రులు కొన్ని ఉంటాయి. దడతో పాటు గుండెలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, లేదా బాగా జ్వరం వచ్చి మాట తడబడటం. అలా అయితే మీ ఆయన చెరువు నుంచి వచ్చేదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మేడమ్, మాది అంబాజీపేట దగ్గర. మా అత్తగారికి 72 ఏళ్లు. థైరాయిడ్ తక్కువని చాలా ఏళ్లుగా మాత్ర వాడుతున్నారు. పొద్దున్నే కాఫీతో వేసుకునేవారు. పోయినేడాది టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చిందని మాత్ర 75 నుంచి 125కి పెంచారు. కాఫీతో వేసుకోకూడదని ఎక్కడో చదివి, ఇప్పుడు నేను తెల్లవారుజామునే పరగడుపున ఇస్తున్నాను. ఈమధ్య రాత్రుళ్లు "గుండె గెంతులేస్తోందే" అని లేపుతున్నారు. నాడి చూస్తే ఒకటి కొట్టి ఒకటి తప్పుతోంది. మాత్ర ఆపేయమంటారా?

జవాబు: అమ్మాయ్, మీ అత్తగారి కథ మీ ఉత్తరంలోనే ఉంది. కాఫీతో వేసుకున్నన్నాళ్లూ మాత్ర సరిగ్గా ఒంటికి పట్టలేదు. పట్టలేదు కాబట్టి టీఎస్‌హెచ్ పెరిగింది. ఎలా వేసుకుంటున్నారని అడక్కుండా మోతాదు పెంచారు. ఆ తర్వాత మీరు పద్ధతిగా పరగడుపున ఇవ్వడం మొదలెట్టారు. ఇప్పుడు ఆ 125 మైక్రోగ్రాములు దాదాపు మొత్తం పడుతున్నాయి, బహుశా ఆవిడకి అంత అక్కర్లేదు. మీరు చేసింది సరైన పనే, పరగడుపునే ఇవ్వండి. మోతాదే మార్చాలి.

ఆ తాళం తప్పడం మాత్రం నాకు నచ్చలేదు. వారం ఆగడానికి లేదు, ఈరోజో రేపో ఈసీజీ తీయించండి. పెద్ద వయసులో థైరాయిడ్ హార్మోన్ మించితే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకుంటాయి, దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అందులో గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి చేరి పక్షవాతం రావచ్చు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ ఊరి వాళ్లని ఏళ్ల తరబడి గమనించి 1994లో ప్రచురించిన లెక్క ప్రకారం, 60 దాటినవాళ్లలో టీఎస్‌హెచ్ బాగా తగ్గి ఉంటే పదేళ్లలో ఈ లయ తప్పడం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఈసీజీలో అదే కనబడితే రక్తం పలచన చేసే మందు అవసరమా అన్నది గుండె డాక్టరు చూస్తారు.

మాత్ర మీ అంతట మీరు పూర్తిగా మానేయకండి, రాసిన డాక్టరుకి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ఈ మందులో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు వారం పడుతుంది. అందుకే ఒకరోజు మానినా ఏమీ తేడా తెలియదు, మోతాదు తగ్గించిన మర్నాడే దడ కూడా తగ్గదు. మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. 70 దాటినవాళ్లకి అది 4 నుంచి 6 మధ్య ఉన్నా ఫర్వాలేదు, పాతికేళ్ల పిల్ల రిపోర్టులా ఉండాలని పట్టుబట్టకూడదు. నీరసం తగ్గుతుందని మోతాదు పెంచమని అడిగేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి.

మాత్రకీ కాఫీకీ మధ్య కనీసం అరగంట, వీలైతే గంట ఉండాలి. కాల్షియం, ఐరన్ బిళ్లలు ఉంటే నాలుగు గంటలు ఎడంగా, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇవ్వండి. గంట దాకా కాఫీ లేదంటే అత్తగారు అలుగుతారని తెలుసు. రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటలకి మాత్ర వేసే పద్ధతీ ఉంది, కానీ మన ఇళ్లలో అంతసేపు ఎవరు మేలుకుని ఉంటారు?

ప్రశ్న: నాకు 26. అమలాపురంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని, నైట్ షిఫ్ట్. రాత్రి మూడు నాలుగు కాఫీలు. పడుకునేటప్పుడు దడగా ఉంటుంది. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ అని వచ్చింది. బరువు మారలేదు, చేతులు వణకడం లేదు, నాడి 70 దగ్గర ఉంటోంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. హైపర్‌థైరాయిడ్ మందు మొదలెట్టమంటున్నారు.

జవాబు: ఆగమ్మా. నిమిషానికి 70 కొట్టే నాడితో, మారని బరువుతో ఆ రిపోర్టు పొసగడం లేదు. జుట్టు మాత్రల్లో బయోటిన్ 5, 10 మిల్లీగ్రాములు ఉంటుంది. కొన్ని ల్యాబుల్లో పరీక్ష జరిగే పద్ధతికి అది అడ్డుపడి, టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది, అచ్చం హైపర్‌థైరాయిడ్ లాగే. ట్రాబ్ పరీక్షని కూడా తప్పుదారి పట్టించగలదు. మాత్రలు ఆపి కనీసం రెండు రోజులు, నన్నడిగితే వారం, ఆగి మళ్లీ చేయించండి. ల్యాబులో బయోటిన్ వాడిన సంగతి చెప్పండి. మందు మొదలెట్టమన్న డాక్టరుకి కూడా చెప్పండి, జుట్టు మాత్ర మందు కాదనుకుని చాలామంది ఆ మాట దాటేస్తారు. రెండోసారి కూడా అలాగే వస్తే అప్పుడు చికిత్స సంగతి మాట్లాడుకోవచ్చు. ఈలోగా షిఫ్ట్ మొదట్లో తాగే కాఫీ ఒక్కటి ఉంచుకుని, మిగతావి మానేసి చూడండి.