ఆన్‌లైన్ క్లైమేట్ వెబినార్ల వల్ల ఉపయోగం ఉందా? నా 43 సర్టిఫికెట్ల సంగతి

మీరు అడిగింది రెండు ముక్కలు. వాతావరణ మార్పు, కరెంటు విధానాల మీద ఆన్‌లైన్‌లో జరిగే వెబినార్లు, కోర్సులు ఎంఏ ఎకనామిక్స్ వాళ్లకు ఉద్యోగంలో పనికొస్తాయా అని ఒకటి, ఇంగ్లీష్ అంతంతమాత్రంగా ఉంటే అర్థమవుతాయా అని ఇంకొకటి. నాదీ ఎకనామిక్సే, మాది అనంతపురం, ఇప్పుడు విద్యుత్ రంగం మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. పనికొస్తాయి. కానీ మొదటి రెండేళ్లు నేను హాజరైనట్టు హాజరైతే మాత్రం రావు.

2020 లాక్‌డౌన్ నాటికి నేను పీజీలో ఉన్నాను. అప్పట్లో ప్రతి కాలేజీ వాళ్లూ వెబినార్ పెట్టేవాళ్లు, గుర్తుండే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో లింకు వస్తుంది, జాయిన్ అవుతాను, వీడియో ఆపేసి మ్యూట్‌లో పెట్టి అమ్మ పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తాను, చివర్లో "ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు చాట్‌లో పెట్టాం" అన్న మాట వినపడగానే ఫోను దగ్గరికి పరిగెత్తి పేరు నింపేస్తాను. సర్టిఫికెట్ మీద పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే మాత్రం ముగ్గురికి ఫోన్లు చేసి మార్పించుకునేదాన్ని. అలా 43 పోగయ్యాయి. సుస్థిర అభివృద్ధి, హరిత ఇంధనం, కర్బన ఉద్గారాలు, ఏ పేరు కావాలంటే ఆ పేరు మీద ఉంది నా దగ్గర.

2022 చివర్లో ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. ఆ ఏడాది ఆగస్టులోనే భారత్ తన వాతావరణ లక్ష్యాలను సవరించింది కదా, 2030 నాటికి స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో 50 శాతం శిలాజేతర వనరుల నుంచి, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కాని వాటి నుంచి ఉండాలని. బోర్డులో ఉన్నాయన నా ఫైలు తిరగేసి ఒకే ఒక ప్రశ్న అడిగారు: "అంటే 2030లో మనం వాడే కరెంటులో సగం బొగ్గు లేకుండా వస్తుందా అమ్మా?" నేను ధీమాగా "అవును సార్" అన్నాను. ఆయన ఫైలు మూసేశారు. కోప్పడలేదు, నవ్వలేదు, మంచినీళ్లు తాగమన్నారు. అదే ఇంకా అవమానంగా అనిపించింది.

తప్పేంటో ఇంటికొచ్చాక అర్థమైంది. మీకూ ఎక్కడో ఒకచోట ఇదే ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. సామర్థ్యం (ప్లాంటు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదన్నది) వేరు, ఉత్పత్తి (నిజంగా ఎంత ఇచ్చిందన్నది) వేరు. మేడ మీద ఒక కిలోవాట్ సోలార్ పెట్టుకుంటే రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు వస్తాయి, సోలార్ బిగించే కుర్రాళ్లు ఎవరినడిగినా ఇదే లెక్క చెప్తారు. అదే ఒక కిలోవాట్ 24 గంటలూ ఆగకుండా నడిస్తే 24 యూనిట్లు రావాలి. సోలార్‌కి రాత్రి లేదు, మబ్బు పడితే లేదు. బొగ్గు ప్లాంటు రాత్రీ పగలూ నడుస్తుంది. అందుకే కాగితం మీద మెగావాట్లు చెరిసగం ఉన్నా వచ్చే యూనిట్లు చెరిసగం ఉండవు. పైగా ఆ శిలాజేతర లెక్కలో సోలార్, గాలిమరలే కాదు, పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టులు, అణువిద్యుత్ కూడా కలిసి ఉంటాయి. 2025 జూలైలో కేంద్రం ఈ 50 శాతం లక్ష్యాన్ని ఐదేళ్లు ముందే చేరుకున్నామని ప్రకటించింది, నిజమే, కానీ దేశంలో తయారయ్యే కరెంటులో బొగ్గు వాటా అప్పటికీ 70 శాతం దరిదాపుల్లోనే ఉంది. 43 సర్టిఫికెట్లలో ఒక్కదాంట్లో కూడా నేను ఇది నేర్చుకోలేదు. వాళ్లు చెప్పలేదని కాదు, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, నేను అనపకాయల దగ్గర ఉన్నాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఏ కార్యక్రమానికైనా నాదైన ఒక ప్రశ్న ఉంటేనే వెళ్లడం, లేకపోతే లేదు. మా అమ్మమ్మ వాళ్లది మడకశిర దగ్గర ఒక పల్లె, పక్కనే కర్ణాటక పావగడ. అటు పొలాల్లో వేరుశనగ పీకడానికి మావాళ్లు కూలికి వెళ్లేవాళ్లు. ఆ పావగడలో ఇప్పుడు 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాదాపు 13 వేల ఎకరాలు. అక్కడ రైతుల దగ్గర భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు, మొదట ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా. వెబినార్లలో దీన్ని మంచి నమూనా అని తెగ పొగుడుతారు. 2023లో సోలార్ భూముల మీద జరిగిన ఒక చర్చలో కూర్చుని ఇలాగే వింటూ ఉంటే నాకు మా అమ్మమ్మ ఊరి కూలీలు గుర్తొచ్చారు. చాట్‌లో రెండే వాక్యాలు రాశాను, అవీ వచ్చీరాని ఇంగ్లీష్‌లో: భూమి ఉన్నవాళ్లకు లీజు వస్తోంది, ఆ భూమిలో కూలి చేసుకునేవాళ్లకు ఏం వస్తోంది? అప్పటిదాకా స్లైడ్లు చదువుతున్నాయన ఆగిపోయి, దాని మీదే పది నిమిషాలు మాట్లాడారు, అక్కడ నిజంగానే కూలీల పరిస్థితి లెక్కలోకి రాలేదని ఒప్పుకున్నారు. మర్నాడు నాకు మెయిల్ పెట్టారు. ఇప్పటి ఉద్యోగం తీగ అక్కడ మొదలైంది. నా సర్టిఫికెట్లు ఎన్నో ఇక్కడెవరూ అడగలేదు.

ఇంకోటి, ఎన్‌రోడ్స్ అని ఒక సిమ్యులేటర్ ఉంది, ఏ విధానం మారిస్తే భూమి వేడి ఎంత మారుతుందో కంప్యూటర్‌లో చూపిస్తుంది. క్లైమేట్ ఇంటరాక్టివ్ అనే సంస్థా, అమెరికాలోని ఎంఐటీ స్లోన్ వాళ్లూ కలిసి చేసింది, ఉచితం. దాంతో ఆన్‌లైన్‌లో ఆటలా వర్క్‌షాపులు పెడతారు, ఒక జట్టు బొగ్గు చమురు కంపెనీల తరఫున, ఒక జట్టు ప్రభుత్వాల తరఫున, అలా. నాకు భూమి, వ్యవసాయం, అడవుల జట్టు వచ్చింది. చెట్లు నాటే మీట పట్టుకుని చివరిదాకా లాగేశాను, ఇక ప్రపంచాన్ని కాపాడేశానని. ఉష్ణోగ్రత అంకె కదిలీ కదలనట్టు కదిలింది. పక్క జట్టు కార్బన్‌కు ధర పెట్టే (అంటే కర్బనం వదిలితే డబ్బు కట్టాల్సి వచ్చే) మీట జరపగానే అంకె బాగా దిగింది. హరితహారాలు, మొక్కలు నాటే ఫొటోలు చూస్తూ పెరిగినదాన్ని, ఆ రోజు నాకు కాస్త బాధ కూడా వేసింది (మొక్కలు నాటొద్దని కాదు నా ఉద్దేశం, నీడకీ నీటికీ కావాల్సిందే). ఇలాంటిది దొరికితే మానేయకండి, పది ఉపన్యాసాల పెట్టు.

అన్నిటికంటే బాగా నేర్చుకున్నది మాత్రం ఎవరూ వెబినార్ అని పిలవని చోట. కరెంటు చార్జీలు ఖరారు చేసే ముందు ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి, బహిరంగ విచారణ పెడుతుంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రజల అభ్యంతరాలు విన్నాకే ఉత్తర్వు ఇవ్వాలి. డిస్కమ్‌లు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, నవంబర్ ఆఖరుకు లెక్కలు దాఖలు చేస్తాయి, విచారణలు మామూలుగా జనవరి, ఫిబ్రవరిలో, కొత్త చార్జీలు ఏప్రిల్ 1 నుంచి. కోవిడ్ దగ్గర్నుంచి వీటిని వీడియోలో చూసే వీలు కూడా వచ్చింది. స్లైడ్లుండవు, యాంకర్లుండరు, సగం మంది మైక్ ఆన్ చేయడం మర్చిపోతారు. కానీ మాటలు చాలావరకు తెలుగులోనే. నేను చూసిన మొదటి విచారణలో రిటైరైన ఉద్యోగి ఒకాయన బొగ్గు కొనుగోలు ఖర్చు పేజీ నంబర్లతో సహా చదివి అధికారులను నిలదీశారు. ఆ తర్వాత ఒక రైతు లేచి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే తామే చందాలేసుకుని ట్రాక్టర్‌లో తీసుకెళ్లాల్సి వస్తోందని, "ఉచిత కరెంటు అంటారు, మోసుకెళ్లే బాడుగ ఎవరిస్తారు సార్?" అని అడిగాడు. సబ్సిడీ మీద నేను సెమిస్టర్ మొత్తం చదివిన పాఠం ఆ ఒక్క ప్రశ్న ముందు తేలిపోయింది.

ఇంగ్లీష్ గురించి. భాష కంటే పదాలు రాకపోవడమే అసలు ఇబ్బంది. పీఎల్ఎఫ్ (ప్లాంటు తన సామర్థ్యంలో ఎంత శాతం నడిచిందన్న లెక్క), పీపీఏ (కరెంటు కొనుగోలు ఒప్పందం), ట్రూఅప్ (అంచనా ఖర్చుకూ అసలు ఖర్చుకూ తేడాను తర్వాత సర్దడం), డిమాండ్ రెస్పాన్స్ (గిరాకీ ఎక్కువున్నప్పుడు వాడకం తగ్గించుకోవడం), ఇలాంటివి ఓ ముప్పై తెలిస్తే మిగతా ఇంగ్లీష్ ఎలాగోలా నెట్టుకురావచ్చు. నేను లైవ్ వదిలేసి రికార్డింగే 0.75 స్పీడ్‌లో, కింద క్యాప్షన్లు పెట్టుకుని చూసేదాన్ని, లైవ్‌కి ప్రశ్న అడగాల్సి ఉంటేనే. అమెరికా వాళ్లవి మనకు ఎక్కువగా రాత్రిపూట మొదలవుతాయి, భోజనం ముందే కానిచ్చేయండి.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే ఐక్యరాజ్యసమితి వాళ్ల యూఎన్ సీసీ లెర్న్ కోర్సులు ఉచితం. పుణెలోని ప్రయాస్ ఎనర్జీ గ్రూప్ వాళ్ల రిపోర్టులు, చర్చలు మన దేశపు కరెంటు లెక్కలకు చాలా మంచివి, నేను ఇప్పటికీ వాటినే తిరగేస్తాను. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు, అది సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్ష కాబట్టి ఆ సర్టిఫికెట్‌కి కొంత విలువ ఉంటుంది. వేలకు వేలు ఫీజు కట్టించుకుని ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి, నా స్నేహితురాలు ఒకామె 40 వేలు కట్టి రికార్డింగులు చూసుకుంటూ కూర్చుంది.

ఈ వారం ఏ లింకూ నొక్కకముందు ఒక పని చేయండి. మీ ఇంటి కరెంటు బిల్లు తీసి చూడండి. ఏపీ బిల్లయితే ఎఫ్‌పీపీసీఏ అని ఒక లైను ఉంటుంది, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగితే మన మీద వేసే సర్దుబాటు చార్జీ అది. అది ఎందుకు వేశారో, యూనిట్‌కి ఎంత వేశారో మీ అంతట మీరు కనుక్కోవడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పుట్టిన ప్రశ్న రాసిపెట్టుకుని, దాన్ని పట్టుకుని వెబినార్‌కి వెళ్లండి. నాకైతే ఆ ఒక్క లైను అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది.