జర్మనీలో టొరెంట్ వాడితే ఎవరు వాడారో నిజంగానే తెలిసిపోతుందా?

వచ్చే నెల ఎంఎస్‌కి జర్మనీ వెళ్తున్నానని రాశారు. అక్కడ టొరెంట్ వాడితే ఫైన్ వేస్తారంట కదా, ఇన్‌కాగ్నిటోలోనో వీపీఎన్ పెట్టుకునో వాడితే ఎవరికీ తెలియదా అని అడిగారు. తెలుస్తుందండీ. నాకు జరిగింది కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

నేను కెమ్నిట్స్‌లో దిగిన మొదటి నెల. నాకంటే రెండేళ్ల ముందు వచ్చిన సీనియర్ అన్న ఒకాయనతో కలిసి ఫ్లాట్‌లో ఉండేదాన్ని, ఇంకో అమ్మాయి కూడా ఉండేది. ఇంటర్నెట్ కనెక్షన్ ఆ అన్న పేరు మీదే. నేను వచ్చిన రోజు స్టేషన్‌కి వచ్చి నా పెట్టెలు మోసుకొచ్చిన మనిషి ఆయన. ఒకరోజు ఆయన పేరున మామూలు తెల్ల కవరు ఒకటి వచ్చింది. లోపల పది పన్నెండు పేజీలు, అన్నీ జర్మన్‌లో. వంటగదిలో కూర్చుని ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చదివాం. రెండో పేజీలో చిన్న పట్టిక ఉంది. ఒక ఇంగ్లిష్ సినిమా పేరు, తేదీ, సెకన్లతో సహా టైము, మా ఇంటి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మా కనెక్షన్‌ని గుర్తించే నంబరు), దాని పక్కన అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి కోడ్. 900 యూరోల పైచిలుకు కట్టాలి, ఇంకెప్పుడూ ఇలా చేయనని సంతకం పెట్టి 10 రోజుల్లో పంపాలి.

అన్న మా ఇద్దరినీ అడిగారు. నేనేమీ డౌన్‌లోడ్ చేయలేదన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆ సినిమా నేను గుంటూరులో ఉండగా దించుకుని, చూసేసి, మర్చిపోయాను. కానీ ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే టొరెంట్ సాఫ్ట్‌వేర్ దానంతట అదే మొదలయ్యేది. పాత ఫైలు అందులో అలాగే ఉంది. ఆ ఇంటి వైఫై పాస్‌వర్డ్ కొట్టిన నిమిషం నుంచీ నా ల్యాప్‌టాప్ ఆ సినిమాని ఎవరెవరికో పంపుతూనే ఉంది. ఆ రాత్రి సాఫ్ట్‌వేర్ తెరిచి అప్‌లోడ్ లెక్క చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

టొరెంట్‌లో మనలో చాలామంది అర్థం చేసుకోనిది ఇదే. మామూలు వెబ్‌సైట్ నుంచి ఫైలు దించుకుంటే మనకూ ఆ సర్వర్‌కీ మధ్య వ్యవహారం. టొరెంట్‌లో అలా ఒక సర్వర్ ఉండదు. ఫైలు ముక్కలు ముక్కలుగా జనం దగ్గరే ఉంటుంది. ఒక ముక్క మీ చేతికి రాగానే మీరు కూడా ఇచ్చేవాళ్లలో ఒకరైపోతారు. ఇచ్చిపుచ్చుకోవాలంటే ఒకరి అడ్రస్ ఒకరికి తెలియాలి. ట్రాకర్ చేసే పని ఆ అడ్రస్‌ల జాబితా ఇవ్వడమే. ట్రాకర్ లేకపోయినా డీహెచ్‌టీ అనే పద్ధతిలో కంప్యూటర్లే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. అంటే ఐపీ దాచడమనేది 2001లో దీన్ని తయారుచేసిన బ్రామ్ కోహెన్ ఉద్దేశంలోనే లేదు.

నమ్మకం కుదరకపోతే ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు ఒకటి టొరెంట్‌లో పెట్టి చూడండి, అది చట్టబద్ధమే. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లో పీర్స్ అనే ట్యాబ్ నొక్కండి. ఒక్కో వరుసలో ఒక దేశం జెండా, ఐపీ అడ్రస్, వాడుతున్న సాఫ్ట్‌వేర్ పేరు, ఎంత శాతం పూర్తయిందో కనిపిస్తాయి. మీకు వాళ్లు ఎలా కనిపిస్తున్నారో వాళ్లకి మీరూ అలాగే కనిపిస్తున్నారు. సినిమా కంపెనీల తరఫున పనిచేసేవాళ్లు చేసేది కూడా ఇంతే, ఆ గుంపులో చేరి జాబితా రాసుకుంటారు. తర్వాత జర్మన్ కాపీరైట్ చట్టం 101వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తెచ్చుకుని, ఆ సమయంలో ఆ ఐపీ ఎవరిదో ఇంటర్నెట్ కంపెనీని అడుగుతారు. కంపెనీ పేరూ అడ్రసూ ఇస్తుంది. అందుకే ఉత్తరం వాడినవాళ్లకి రాదు, కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకి వస్తుంది. నా తప్పుకి అన్న పేరు మీద నోటీసు రావడం నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ పెట్టింది.

ఇన్‌కాగ్నిటో సంగతి ఒక్క ముక్కలో: అది మీ బ్రౌజర్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, టొరెంట్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. క్యూబిట్‌టొరెంట్‌లోని అనానిమస్ మోడ్ పేరు చూసి కూడా మోసపోకండి, అది మీ ఐపీని దాచదు. ఎన్‌క్రిప్షన్ (డేటాని రహస్య కోడ్‌గా మార్చి పంపడం) ఆన్ చేస్తే మీరు పంపేది టొరెంట్ అని ఇంటర్నెట్ కంపెనీ గుర్తుపట్టడం కష్టమవుతుందంతే. అవతలి చివర ఉన్నవాడికి మీరు మామూలుగానే కనిపిస్తారు.

వీపీఎన్ మీ ఐపీ బదులు తన ఐపీ చూపిస్తుంది, నిజమే. కానీ ఇప్పుడు మీరెవరో వీపీఎన్ కంపెనీకి తెలుసు. నమ్మకం ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మారింది, అంతే. మన దేశంలో 2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, ఐపీలు 5 ఏళ్లు దాచాలి. అది ఒప్పుకోక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఇంకో చిక్కు, వీపీఎన్ ఒక్క క్షణం తెగినా టొరెంట్ ఆగదు, అసలు ఐపీతో నడుస్తుంది. ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ అడ్రస్ వీపీఎన్ పక్కనుంచి బయటపడిపోవడం కూడా నేను నా ల్యాప్‌టాప్‌లోనే చూశాను. ఐపీలీక్ డాట్ నెట్‌లో టొరెంట్ పరీక్ష ఉంది, చేసుకుంటే తెలుస్తుంది. క్యూబిట్‌టొరెంట్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ని వీపీఎన్‌కే కట్టేస్తే, అది తెగినప్పుడు టొరెంట్ కూడా ఆగుతుంది. చట్టబద్ధమైన ఫైళ్లకి కూడా నేను అలాగే పెట్టుకున్నాను, ఎందుకంటే నేనేం దించుకుంటున్నానో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసుకోవడం నాకిష్టం లేదు.

మనమెవరో తెలియకుండా చాలా కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపే టోర్ అనే నెట్‌వర్క్ మాత్రం దీనికి వాడకండి. వద్దని టోర్ ప్రాజెక్ట్ వాళ్లే 2010లో వివరంగా రాశారు. చాలా టొరెంట్ సాఫ్ట్‌వేర్లు ట్రాకర్‌కి పంపే సమాచారంలోనే అసలు ఐపీని పెట్టేస్తాయి. పైగా స్వచ్ఛందంగా నడుపుతున్న ఆ నెట్‌వర్క్ నిజంగా అవసరమైనవాళ్లకి నెమ్మదైపోతుంది.

మా ఉత్తరం సంగతికొస్తే, దాన్ని అక్కడ అబ్‌మానుంగ్ అంటారు. మీరు విన్నట్టు అది పోలీసులో కోర్టో వేసే ఫైన్ కాదు, లాయర్ నోటీసు. అలాగని పక్కన పడేస్తే కోర్టుకి వెళ్లవచ్చు. ఫెర్‌బ్రౌఖర్‌త్సెంట్రాలె అనే వినియోగదారుల సలహా కేంద్రానికి వెళ్లాం. లాయర్లు పంపిన కాగితం మీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టొద్దని, ఆ మాట చాలా ఏళ్లు మెడకి చుట్టుకుంటుందని అక్కడావిడ చెప్పారు. పదాలు మార్చి రాయించుకుని పంపాం. బేరమాడాక తగ్గిన మొత్తాన్ని నేనే గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేసి అన్నకి మూడు నెలల్లో తీర్చాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

మీరు విమానం ఎక్కకముందే ఈ పని చేయండి. ల్యాప్‌టాప్‌లో టొరెంట్ సాఫ్ట్‌వేర్ తెరిచి, పూర్తయినవీ సగంలో ఆగినవీ అన్నీ జాబితాలోంచి తీసేయండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్‌కి వెళ్లి దాన్ని డిజేబుల్ చేయండి. పాత ఫోన్‌లో కూడా టొరెంట్ యాప్ ఉందేమో చూసుకోండి, మీ చెల్లి ల్యాప్‌టాప్ పట్టుకెళ్తుంటే దాన్ని కూడా. అక్కడ మీకు వైఫై పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్లు తమ పేరు మీద ఉన్న కనెక్షన్‌నే ఇస్తారు.