ఎప్పుడూ ఆలస్యమై పరుగెత్తేవారికి అది వ్యాయామం కిందకు వస్తుందా?

మంగళగిరి నుంచి విజయవాడకు ఉద్యోగానికి వెళ్తాననీ, రోజూ ఆలస్యమై స్టేషనుకు పరుగెత్తడమే తప్ప జిమ్‌కు వెళ్లే తీరిక లేదనీ, ఈ పరుగు ఒంటికి ఏమైనా పనికొస్తుందా అనీ అడిగారు. పనికొస్తుందని నా అనుభవం చెబుతోంది. అయితే మేలు చేసేది ఏది, చెరుపు చేసేది ఏది అన్నది విడదీసి చెప్పాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ గవర్నర్‌పేటలో. 2014 నుంచి సీజన్ టికెట్టు మీద ప్యాసింజర్ బండిలో వెళ్లి వస్తున్నాను. కుళాయి నీళ్లు పట్టుకోవడం, అత్తయ్యగారికి ఇన్సులిన్ ఇచ్చి టిఫిన్ పెట్టడం, పాపకు జడ వేసి బడికి పంపడం అయ్యేసరికి బండి వేళ దగ్గర పడేది. మామూలుగా నడిస్తే 18 నిమిషాలు పట్టే దూరాన్ని 12 నిమిషాల్లో దాటి, స్టేషనులో ఫుట్ బ్రిడ్జి మెట్లు గబగబా ఎక్కి, అవతలి ప్లాట్‌ఫారం మీదకు దిగి బండి ఎక్కేదాన్ని. విజయవాడలో మళ్లీ మెట్లు, మళ్లీ వేగంగా నడక. సాయంత్రం ఇదంతా తిరుగుదారిలో.

మొదటి నెలల్లో నా పరిస్థితి ఏమిటంటే, పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా నంబూరు దాటేదాకా ఆయాసం తగ్గేది కాదు. మెట్లెక్కుతున్నప్పుడు ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే "వస్తున్నానండీ" అన్న ఒక్క మాట తప్ప రెండో మాట నోట వచ్చేది కాదు. ఏడాది తిరిగేసరికి పెదకాకాని రాకముందే ఊపిరి సర్దుకోవడం గమనించాను. ఆ తర్వాత బండి గుంటూరు యార్డు దాటకముందే మామూలుగా మాట్లాడగలిగాను. శ్రమ ఆగాక గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తే అంత ఆరోగ్యమని వైద్యులు చెబుతారు. నా చేతికి ఏ పరికరమూ లేదు. దారిలోని స్టేషన్లే నాకు కొలబద్దలయ్యాయి.

ఇలా తునకలు తునకలుగా చేసే శ్రమ లెక్కలోకి వస్తుందా అన్న సందేహం నాకూ ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పాత మార్గదర్శకాల్లో ఒక్కోసారి కనీసం 10 నిమిషాలు చేస్తేనే వ్యాయామమని చెప్పేది. 2020లో ఆ షరతును తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ గానీ పెద్దవారికి అవసరమనీ, ఎంత కొద్దిసేపు చేసినా అందులో కలుస్తుందనీ ఇప్పుడు చెబుతోంది. 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన మన ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంది. తీరిక వేళల్లో వ్యాయామం చేసే అలవాటు లేదని చెప్పిన సుమారు 25,000 మంది బ్రిటన్ వాసుల చేతికి కదలికలను నమోదు చేసే పరికరం కట్టి, ఆ తర్వాత సుమారు ఏడేళ్లపాటు వారి ఆరోగ్యాన్ని గమనించారు. మెట్లెక్కడం, వడివడిగా నడవడం వంటి ఒకటి రెండు నిమిషాల తీవ్ర శ్రమ రోజుకు మూడుసార్లు ఉన్నవారిలో, అది బొత్తిగా లేనివారితో పోలిస్తే, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించడం దాదాపు సగం తక్కువగా కనిపించింది. ఆ తేడా అంతా ఆ శ్రమ వల్లనే అని ఇటువంటి పరిశీలన రుజువు చేయలేదు. ఆరోగ్యం బాగున్నవారే చురుకుగా నడుస్తూ ఉండవచ్చు కూడా. అయినా 1953లోనే జెరెమీ మోరిస్ బృందం, లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్లకంటే గుండెజబ్బు తక్కువని ప్రకటించింది కాబట్టి ఈ మాట కొత్తదేమీ కాదు.

నా విషయంలో గట్టి నిదర్శనం 2020లో దొరికింది. మార్చిలో ప్యాసింజర్ బండ్లు ఆగిపోయాయి, నేను ఇంటి నుంచే పని చేశాను. తిండి మారలేదు, ఇంటిపని తగ్గలేదు. అయినా ఆరు నెలలు గడిచేసరికి డాబా మీదకు బట్టల బకెట్టుతో ఎక్కితే మధ్యలో ఆగవలసి వచ్చింది. 102 ఉన్న ఫాస్టింగ్ షుగర్ 118కి పెరిగింది. మళ్లీ బండ్లు వచ్చి, పాత దారిలో పడ్డాక అది క్రమంగా దిగింది. రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె తినడం కూడా అప్పుడే మొదలుపెట్టాను గనుక ఘనతంతా నడకకే ఇవ్వను. డాబా మెట్ల మీద ఆయాసం పోవడం మాత్రం ముమ్మాటికీ కాళ్ల పనే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆలస్యమైన రోజు ఆటోలో కూర్చుని, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, గడియారం చూసుకుంటూ ఉంటే గుండె దడదడా కొట్టుకుంటుంది గానీ పిక్క కదలదు. ఆ దడ వల్ల కలిగే మేలు నాకేమీ కనిపించలేదు, పైగా ఆఫీసుకు చేరేసరికి తలనొప్పి వచ్చేది. మేలు చేసింది ఆలస్యం కాదు, ఆలస్యం నా చేత వేయించిన వడి అడుగులు. ఈ సంగతి తెలిశాక ఇంటినుంచి పది నిమిషాలు ముందు బయలుదేరుతున్నాను, నడక వేగం మాత్రం తగ్గించలేదు.

ఇలా మారడానికి ఇంకో కారణం 2018 వానాకాలంలో జరిగిన సంగతి. తడిసిన మెట్ల మీద రబ్బరు చెప్పు జారి మోకాలు కొట్టుకుని మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. చెప్పులు బ్యాగులో పెట్టుకుని బూట్లతో నడవడం అప్పుడే అలవాటు చేసుకున్నాను. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగుతాను, వేగమంతా ఎక్కేటప్పుడే. కదిలిన బండిని మాత్రం ఎన్నడూ ఎక్కవద్దు, పట్టాలు దాటవద్దు. తర్వాత బండో బస్సో ఉంటుంది. మన ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో, పది దాటాక వేగం తగ్గించి నీళ్లు తాగుతూ వెళ్లాలి. ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం, ఎడమ చేయి లాగడం వంటివి కనిపిస్తే నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీరు మంగళగిరిలో ఎక్కుతారు కాబట్టి కొలనుకొండ, కృష్ణా కెనాల్ మీకు గుర్తులుగా ఉంటాయి. రోజూ ఊపిరి ఎక్కడ సర్దుకుంటోందో ఒక నెల రాసిపెట్టుకుని, వచ్చే మూడు నెలల తర్వాత పోల్చి చూసుకోండి.