తిరుపతి హాస్టల్‌లో చదువుతున్న మేనకోడలికి

చిత్తూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రాత్రంతా పుస్తకం ముందు కూర్చున్నా ఒక్క పేజీ బుర్రకెక్కలేదని నీవు ఏడుస్తూ చెప్పినప్పుడు, 40 ఏళ్ళ కిందటి నా డిగ్రీ చదువే కళ్ళ ముందు కదిలింది. అప్పుడందరూ నన్ను సోమరి అన్నారు, నేనూ నమ్మాను. అది ఏడీహెచ్‌డీ, అంటే దృష్టిని ఒకచోట నిలవనీయని మెదడు తీరు, అని 43వ ఏట మానసిక వైద్యులు చెప్పేదాకా ఆ నింద నా మీద నుంచి దిగలేదు. కాబట్టి నీకూ అదే ఉండవచ్చన్న కాలేజీ కౌన్సెలర్ అనుమానాన్ని అనుమానంగానే వదిలేయకుండా, రుయా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్ళి తేల్చుకో.

అంతవరకు చదువు ఆగదు గదా. మనలాంటివారికి వచ్చే నెల పరీక్ష, రేపటి పరీక్ష అయ్యేదాకా కంటికి ఆనదు. అందుకని ఇంటర్నల్స్ తేదీలను ఫోన్‌లో దాచుకోక, మంచం ఎదుటి గోడ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకో. ‘రికార్డు పూర్తి చేయాలి’ అని రాసుకుంటే చేతులాడవు. ‘సాయంత్రం ఆరింటికి మొదటి ప్రయోగం బొమ్మ గీయాలి’ అని రాసుకుంటే పెన్సిలు దానంతటదే చేతికొస్తుంది.

నేను గట్టెక్కింది మాత్రం పక్కన మనిషి ఉండడం వల్లనే. గదిలో ఒంటరిగా పది నిమిషాలు నిలవలేని నేను, లైబ్రరీలో మిత్రుడి ఎదుట కూర్చుంటే గంటసేపు లేచేవాణ్ణి కాదు. అతను నాకు పాఠం చెప్పలేదు, తన పుస్తకం తాను చదువుకునేవాడు, అంతే. నీ రూమ్మేట్‌ను అడుగు, ఫోన్ ఆ అమ్మాయి చేతికే ఇవ్వు, 25 నిమిషాలకొకసారి లేచి వరండాలో నాలుగు అడుగులు వేసి రా. తెల్లవార్లూ మేలుకోవడం మానుకో. నిద్ర చాలని మర్నాడు మన దృష్టి మరింత చెదురుతుంది.

మందుల మాటెత్తితే మీ అమ్మ భయపడుతుంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందు ఆకలిని తగ్గించవచ్చు, పొద్దుపోయాక వేసుకుంటే నిద్రను చెడగొట్టవచ్చు. ఆ సంగతి దాచకుండా చెబితే వైద్యులే మోతాదు సరిచేస్తారు. స్నేహితుల దగ్గర అడిగి మాత్రం ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు. దిగులు కమ్మిన రాత్రి ఏ వేళైనా 14416కు ఫోన్ చెయ్యి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు. నాకు చేసినా సరే, ఎత్తుతాను.

ఆసుపత్రికి అమ్మను వెంట తీసుకెళ్ళు. లక్షణాలు 12 ఏళ్ళలోపే కనిపించాయా అని వైద్యులు తప్పక అడుగుతారు. నీ చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఇక్కడ అమ్మమ్మ ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి, ఆదివారం వచ్చేసరికి తీసి ఉంచుతాను.

మామయ్య