మల్టీగ్రెయిన్ బిస్కెట్ల సంగతి తర్వాత, ముందు షుగర్ పరీక్ష

ప్రశ్న: నా వయసు 41. కావలిలో ఫ్యాన్సీ అంగడి ఉంది. ఉదయం టీతో బిస్కెట్లు, రాత్రి పదింటికి ఇల్లు చేరాక నూడుల్స్ తింటాను. ఇవన్నీ అల్ట్రా ప్రాసెస్డ్ ఫుడ్ (ఫ్యాక్టరీలో రకరకాల పదార్థాలు కలిపి చేసే ప్యాకెట్ తిండి) అని, మంచివి కావని అంటున్నారు. బదులుగా మల్టీగ్రెయిన్ బిస్కెట్లు, మసాలా ఓట్స్ తినొచ్చా? మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. దాహం ఎక్కువ. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నా. పది రోజులుగా అమ్మ షుగర్ మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నా.

జవాబు: మీరు బిస్కెట్ల గురించి అడిగారు. నా కన్ను మాత్రం చివరి నాలుగు వాక్యాల మీదే పడింది. డైటింగ్ చేయకుండా ఆరు కిలోలు తగ్గడం సంతోషించే విషయం కాదు. దాహం, అతిమూత్రం కూడా ఉన్నాయంటే ముందు అనుమానించాల్సింది షుగర్‌నే. థైరాయిడ్, టీబీ లాంటి వాటిలోనూ బరువు తగ్గుతుంది కాబట్టి, చూడకుండా ఇదేనని తేల్చలేను. రేపు ఉదయమే పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), మూత్రంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చే పదార్థాలు) చూపించుకోండి. పరగడుపున 126 (మి.గ్రా./డె.లీ.) లేదా ఆపైన, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన ఉంటే షుగర్ కిందే లెక్క. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక ఆ మాత్ర. పేరైనా రాయలేదు! గ్లిమెపిరైడ్ అయితే, అన్నం ఆలస్యమైన రోజు షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి, బండి మీద ఉండగా కళ్లు తిరగొచ్చు. మెట్‌ఫార్మిన్ అయితే ముందు కిడ్నీల పనితీరు చూసుకోవాలి. అమ్మగారి వయసుకు, రిపోర్టులకు తగ్గట్టు రాసిన మందు మీకెలా సరిపోతుంది? పైగా మాత్ర వేసుకుని పరీక్షకు వెళితే పరగడుపు షుగర్ తక్కువగా కనపడి, 'నాకేం లేదు' అనుకుంటారు. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి అంత తేలిగ్గా మోసపోదు. మాత్ర ఆపేసి, స్ట్రిప్పుతో సహా డాక్టరును కలవండి. దాచకుండా చెప్పండి, తిట్టినా మీ మంచికే.

తిండి మాటకొస్తే, అట్ట మీది బొమ్మ కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. ఎక్కువగా వాడిన సరుకు పేరే ముందుంటుంది. మల్టీగ్రెయిన్ అన్న చాలా ప్యాకెట్లలో మొదట మైదా, ఆ వెనకే పామాయిల్, చక్కెర ఉంటాయి. మసాలా ఓట్స్‌లో ఉప్పు చూసుకోండి. అమెరికాలో 2019లో 20 మందికి రెండు వారాలు ఇలాంటి అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం, మరో రెండు వారాలు మామూలు వంట పెట్టి చూశారు. ప్యాకెట్ తిండి రోజుల్లో రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. ఇలాంటి తిండి తింటూ మీరు తగ్గుతున్నారంటే నాకు టెన్షన్ అందుకే.

రాత్రికి రెండు పెసరట్లు, లేదా శనగ గుగ్గిళ్లు, ఒక గుడ్డు చాలు. సజ్జరొట్టె, చేపల పులుసూ పర్వాలేదు, ఎండుచేపలు తగ్గించండి. మిగతా కొలతలు రిపోర్టులు చూశాక మీ డాక్టరు చెబుతారు.

అన్నట్టు, అమ్మగారి స్ట్రిప్పులో పది మాత్రలు తగ్గాయి. ఆవిడ డోసు తప్పకుండా ఈరోజే కొనిపెట్టండి.