ఆట ముచ్చట: గోల్‌పోస్టు ఒక్కటే, కీపర్లు ఇద్దరు

ప్రశ్న: సార్, మాది కాజీపేట. మా పెద్దోడు హనుమకొండలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నడు. హైస్కూల్ నుంచి ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరే. కాలేజీ టీమ్‌లో పేరైతే ఉంది గానీ మ్యాచ్ ఆడనియ్యరు, వాని కంటే ముందు సీనియర్ పిలగాడు ఒకడున్నడు. మా మరిదేమో, "బెంచీ మీద కూసునేదానికి గింత కష్టమెందుకు, కానిస్టేబుల్‌కు ప్రిపేర్ కమ్మను" అంటున్నడు. వీడు గోడకు రుయి పాట్రీసియో అనే పోర్చుగల్ గోల్‌కీపర్ ఫొటో అంటించుకున్నడు. ఆయన ఎవరు సార్? మావాణ్ని ఆట మాన్పియ్యాల్నా?
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: మాన్పించొద్దు చెల్లెమ్మా. ముందు ఆ ఫొటోలో ఉన్నాయన సంగతి చెప్తాను. మీవాడు ఊరికే అంటించుకోలేదు.

ఫార్వర్డ్ అలిసిపోతే ఇంకొకణ్ని దింపుతారు. డిఫెండర్‌ని అటు ఇటు మార్చి ఆడిస్తారు. గోల్‌కీపర్‌కు ఆ వీలు లేదు. ముందున్నవాడు దెబ్బ తినాలి, లేదంటే వేరే జట్టుకు పోవాలి, అప్పుడే రెండోవాడి వంతు. పాట్రీసియో 1988లో పుట్టాడు, లిస్బన్‌లోని స్పోర్టింగ్ క్లబ్ అకాడమీలో పెరిగాడు. అప్పుడు ఆ క్లబ్‌లోనూ దేశం జట్టులోనూ రికార్డో అనే పెద్ద కీపర్ ఉన్నాడు. 2006 నవంబరులో, పద్దెనిమిదేళ్ల వయసులో, పాట్రీసియోకు మారిటిమో జట్టు మీద మొదటి మ్యాచ్ దొరికింది. ఆ మ్యాచ్‌లోనే పెనాల్టీ ఆపాడు, స్పోర్టింగ్ 1-0తో గెలిచింది. అయినా వెంటనే చోటు ఖాయం కాలేదు. 2007లో రికార్డో స్పెయిన్‌కు వెళ్లాకే దారి తెరుచుకుంది.

2008 యూరో కప్‌కు, అంటే యూరప్ దేశాల జట్ల పోటీకి, ఆయన్ని దేశం జట్టుతో తీసుకుపోయారు. ఆడినవాడు రికార్డో. బెంచీ మీద పాట్రీసియో పక్కన నూనో అనే మరో కీపర్ కూర్చున్నాడు. 2010 ప్రపంచకప్‌కైతే జట్టులోనే పేరు లేదు. ఆ ఏడాది నవంబరులోగానీ దేశం తరఫున మొదటి మ్యాచ్ ఆడలేదు. ఆ తర్వాత మెల్లగా చోటు సంపాదించి, ఏళ్ల తరబడి వదల్లేదు. 2016 జులై 10న ఫ్రాన్స్ మీద యూరో ఫైనల్. క్రిస్టియానో రొనాల్డో మోకాలి దెబ్బతో అరగంట కూడా ఆడకుండానే బయటికొచ్చాడు. అవతల సొంతగడ్డ మీద ఫ్రాన్స్. గ్రీజ్‌మన్ తలతో కొట్టిన బంతిని పాట్రీసియో వేళ్లతో పైకి తోసేశాడు. చివరి నిమిషాల్లో జిన్యాక్ కొట్టింది పోస్టుకు తగిలి తిరిగొచ్చింది. అదనపు సమయంలో ఎడెర్ గోల్‌తో పోర్చుగల్ 1-0గా గెలిచింది. ఆ గోల్ అందరికీ గుర్తే, కానీ దానికి ముందు వంద నిమిషాలకు పైగా సున్నా దగ్గర నిలబెట్టింది ఈయన చేతులు.

2018లో ముసుగులేసుకున్న గుంపు స్పోర్టింగ్ అకాడమీలోకి జొరబడి ఆటగాళ్లను, కోచ్‌లను కొట్టింది. చిన్నప్పటి నుంచి ఉన్న క్లబ్‌ను అప్పుడు వదిలి ఇంగ్లండ్‌లో వుల్వ్స్ జట్టుకు వెళ్లాడు. అక్కడ కోచ్ ఎవరనుకున్నారు? పదేళ్ల కింద బెంచీ మీద పక్కన కూర్చున్న నూనోనే! ఆ జట్టు ఒకటో నంబర్ కీపర్ కార్ల్ ఇకీమే లుకేమియాతో ఆటకు దూరమయ్యాడు. ఆయన మీద గౌరవంతో పాట్రీసియో ఒకటో నంబర్ చొక్కా తీసుకోకుండా 11 వేసుకున్నాడు. నాకు ఆ యూరో కప్పు కంటే ఈ చొక్కా ముచ్చటే ఎక్కువ ఇష్టం. తర్వాత ఇటలీలో రోమాకు ఆడి, 2022లో యూరప్ క్లబ్బుల పోటీ కాన్ఫరెన్స్ లీగ్ గెలిచాడు. అదే ఏడాది ప్రపంచకప్ నాటికి దేశం జట్టులో చోటు డియోగో కోస్టా అనే కుర్రాడిదైంది. పాట్రీసియో మళ్లీ బెంచీకి వచ్చాడు, 2024 యూరో కప్‌కూ ముప్పయ్యారేళ్ల వయసులో బెంచీ మీద కూర్చోవడానికే వెళ్లాడు. అక్కడ స్లొవేనియా మీద కోస్టా వరుసగా మూడు పెనాల్టీలు ఆపాడు.

ఇక మీవాడి సంగతి. పరకాల దిక్కు స్కూళ్లలో పీఈటీగా పనిచేసినన్నాళ్లూ నేను చూసిందేమిటంటే, రెండో కీపర్‌ను ప్రాక్టీసులో బంతులందించే మనిషిలాగా వాడేస్తారు. కోచ్‌ను అడిగి, ప్రాక్టీసులో సగం షాట్లు తనకు పడేటట్టు చూసుకోమనండి. ఫ్రెండ్లీ మ్యాచ్‌లో రెండో సగం అడగడంలో తప్పు లేదు. సీనియర్ కాలేజీ దాటిపోయే రోజు ఎలాగూ వస్తుంది.

మీ మరిది మాటా తీసిపారేయాల్సింది కాదు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ ఉంటాయి. గోల్‌కీపింగ్‌తో ఎగిరే బలం, భుజం బలం వస్తాయి గానీ దమ్ము రాదు. పొద్దున పరుగు, సాయంత్రం గ్రౌండ్ పెట్టుకోమనండి. పరీక్ష పుస్తకాలు రాత్రికి.

ఇంకొకటి. మొరం నేల మీద డైవ్ కొడితే తుంటి దగ్గర తోలు లేస్తుంది. పిల్లలు ఇంట్లో చెప్పరు, స్నానం చేసేటప్పుడు పళ్లు బిగపట్టుకుంటారు. నిక్కరు లోపల రెండు పక్కలా స్పాంజి ముక్కలు కుట్టించండి. గీరుకున్న చోట ఆ సాయంత్రమే సబ్బుతో కడిగించండి, మట్టి లోపల ఉండిపోతే చీము పడుతుంది.

ప్రశ్న: గోల్‌కీపర్ పెనాల్టీ కొట్టొచ్చా సార్? మా ఫ్రెండ్స్ ఒప్పుకోవట్లేదు.
– ఇంటర్ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: నిక్షేపంగా కొట్టొచ్చు. పైన చెప్పిన రికార్డోనే సాక్ష్యం. 2004 జూన్ 24న లిస్బన్‌లో ఇంగ్లండ్ మీద యూరో క్వార్టర్ ఫైనల్ 2-2 దగ్గర ఆగి, ఒక్కొక్కరుగా పెనాల్టీలు కొట్టి తేల్చుకునే షూటౌట్‌కు పోయింది. రికార్డో గ్లౌజులు తీసేసి, వట్టి చేతులతో ఇంగ్లండ్ ఆటగాడు వాసెల్ షాట్ ఆపాడు. వెంటనే తనే బంతి పెట్టి గెలుపు పెనాల్టీ కొట్టాడు. రెండేళ్లకు ప్రపంచకప్‌లో మళ్లీ ఇంగ్లండే ఎదురైతే షూటౌట్‌లో మూడు ఆపాడు. మీ టీమ్ కీపర్ గట్టిగా, గురి చూసి తంతాడంటే మొదటి ఐదుగురిలో అతని పేరూ ఇవ్వండి. రిఫరీ అభ్యంతరం చెప్పడు.