ఆరో కప్పు ఎక్కడికీ పోలేదు

(పాత వస్తువుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా మామగారు విశాఖ పోర్టులో పనిచేసేవారు. డెబ్బైల్లో ఓ జపాన్ ఓడ ఆఫీసరు ఆయనకు టీ కప్పుల సెట్టు బహుమతిగా ఇచ్చాడట. చెవి లేని కప్పులు. బయట ఎర్ర రంగు, బంగారు కొంగలు. లోపలంతా తెలుపే, అంచుకి కాస్త కింద సన్నటి నీలం గీత. అడుగున రెండు ఎర్ర అక్షరాలు. ఫోటోలు పంపుతున్నాను. ఇవి జపాన్ చక్రవర్తి ఇంట్లో వాడే రకమని మామగారు అందరికీ చెప్పేవారు. మా అబ్బాయి ఫోన్లో వెతికి ‘ఇమారి’ అంటున్నాడు, రెండు లక్షలు పలుకుతాయంటున్నాడు. ఇవి నిజంగా చేత్తో వేసినవేనా? బంగారం అక్కడక్కడా పోయింది గానీ నీలం గీత కొత్తదానిలా ఉంది. దాన్ని తర్వాత ఎవరైనా వేశారా? వీటిలో టీ తాగొచ్చా? ఇంకో మాట. ఆరింట్లో ఒకటి లేదు. మా తోటికోడలు కాపురానికి వచ్చిన ఏడాదే అది మాయమైందని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. విడిగా ఒక్క కప్పు ఎక్కడైనా దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నే ముందు చూద్దాం. అందులో ఒక మనిషి పరువు ఉంది. జపాన్‌లో ఇలాంటి కప్పుల సెట్టు అంటే ఐదు. అరడజను లెక్క మనది. వాళ్ళు టీ కప్పులే కాదు, చిన్న ప్లేట్లు, గిన్నెలు కూడా ఐదేసి చొప్పున కట్టి అమ్ముతారు. పరదేశాలకు పంపడానికి చేసిన చెవి కప్పులైతే ఆరు ఉండొచ్చు గానీ మీవి వాళ్ళు ఇళ్ళల్లో వాడుకునే పద్ధతివి. మీ సెట్టు నిండుగానే ఉంది. ఈ ముక్క మీ అత్తగారికి మీరే చెబుతారో, పత్రికను ఈ పేజీ దగ్గర మడిచి ఆవిడ కుర్చీ పక్కన పెడతారో మీ ఇష్టం. తోటికోడలికి మాత్రం ఫోన్ చెయ్యండి.

ఇక చక్రవర్తి సంగతి. అక్కడి రాజకుటుంబం గుర్తు పదహారు రేకుల చేమంతి. మీరు పంపిన ఏ ఫోటోలోనూ అది లేదు. అడుగున ఉన్న రెండక్షరాలు ‘కుటాని’ అని. జపాన్ పడమటి తీరంలో ఇప్పుడు ఇషికావా అంటున్న ప్రాంతం దాని సొంతూరు. పని 1655 ప్రాంతంలో మొదలై, యాభై ఏళ్ళు తిరక్కుండానే ఆగిపోయి, మళ్ళీ 1800 దాటాక ఊపందుకుంది. ఎరుపూ బంగారం కలిపి వేసే ఈ పద్ధతి ఆ రెండో విడతలోదే. మీ అబ్బాయి అన్న ఇమారి వేరు. దక్షిణాన క్యూషూ దీవిలో అరిటా అనే ఊరుంది. జపాన్‌లో పింగాణీ తయారీ 1616లో అక్కడే మొదలైందని చెబుతారు. ఆ సరుకు ఇమారి రేవులో ఓడలెక్కేది కాబట్టి రేవు పేరే సరుక్కి స్థిరపడింది. రెండింటిలోనూ ఎరుపు, బంగారం ఉంటాయి గనక ఫోన్ పొరబడింది. దాని తప్పేమీ లేదు, అది రంగులే చూస్తుంది, అడుగు తిప్పి చూడదు.

మామగారు కథ కొంచెం పెంచి చెప్పారు గానీ అసలు విషయంలో అబద్ధం లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో మన ఊరు చేరి, ఇక్కణ్ణుంచి జపాన్ వెళ్ళేది. ఆ లైను వేసిందే ప్రధానంగా అందుకు. 1976లో ఔటర్ హార్బర్ మొదలయ్యాక ఇంకా పెద్ద ఓడలు వచ్చాయి. ఆ రోజుల్లో పోర్టు మనిషికి జపాన్ ఆఫీసరు కప్పులు ఇవ్వడంలో వింతేమీ లేదు. బహుశా వాళ్ళ ఊరి కొట్లో కొన్న మంచి సెట్టు అయివుంటుంది.

చేత్తో వేసిందా లేదా అన్నది నాకు ఇష్టమైన ప్రశ్న. మీరు ముగ్గు వేసే మనిషే అయితే నా అవసరం లేదు. గీత ఎక్కడ మొదలైందో, చెయ్యి ఎక్కడ లేచిందో మీ కంటికే తెలుస్తుంది. కుంచె ఆనిన చోట రంగు లావుగా ఉంటుంది, లేచిన చోట సన్నబడి తోక వస్తుంది. రంగు నింపిన చోట హద్దు దగ్గర కాస్త చిక్కగా చేరుతుంది. భూతద్దం పెట్టండి, లేదంటే ఫోన్ కెమెరాను బాగా దగ్గరికి తీసుకెళ్ళండి. వరుసలు తీరిన చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది అచ్చు కాగితం అంటించి కాల్చినది. తర్వాత రెండు కప్పులు పక్కపక్కన పెట్టి ఒకే కొంగను చూడండి. మీ ఫోటోల్లో ఒక కొంగ రెక్కకు పక్కదానికన్నా ఈక ఒకటి ఎక్కువుంది. మెడ వంపు కూడా తేడాగానే ఉంది. అచ్చులో అలా జరగదు. ఒక జాగ్రత్త: హద్దు గీతలు అచ్చు వేసి, లోపలి రంగులు మాత్రం చేత్తో నింపడం కూడా మామూలే. అలాంటివాటినీ ‘హ్యాండ్ పెయింటెడ్’ అనే అమ్ముతారు. అది నాకు నచ్చదు. మీ కప్పుల్లో గీత కూడా కుంచెదే.

నీలం గీతను తర్వాత ఎవరూ వెయ్యలేదమ్మా. అన్నిటికన్నా ముందు వేసింది అదే. మట్టి కప్పును మొదట సుమారు 900 డిగ్రీల్లో కాలుస్తారు. దానిమీద కోబాల్ట్ రంగుతో నీలం గీత గీస్తారు. తర్వాత గాజు పూతలో ముంచి, మళ్ళీ 1300 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ వేడికి ఎరుపు, పసుపు లాంటి రంగులు నిలవవు, కోబాల్ట్ నిలుస్తుంది. అందుకే నీలం గాజు కింద ఉండిపోతుంది, గోరు కూడా తగలదు. ఎరుపు, ఆకుపచ్చ లాంటివి ఆ గాజు మీద వేసి 800 దగ్గర ఇంకోసారి కాలుస్తారు. బంగారం చిట్టచివర, ఇంకా తక్కువ వేడిలో. వేలితో తడిమితే ఎరుపు గాజు పైన ఉన్నట్టు కాస్త తెలుస్తుంది చూడండి. పైపైన ఉన్నది కాబట్టి ముందుగా అరిగేదీ బంగారమే. మీ ఇంట్లో పాత్రలు తోమింది స్టీలు పీచుతోనో, సబ్బు పొడితోనో అయివుంటుంది. ఇకనైనా మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్ళు చాలు. మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు, బంగారం మీద నిప్పురవ్వలు లేస్తాయి.

టీ తాగండి, నిక్షేపంగా. లోపల తెలుపే కాబట్టి పాత రంగుల్లో ఉండే సీసం గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. లోపలి వైపు కూడా బొమ్మలున్న పాత కప్పులైతే నిమ్మకాయ టీ వద్దంటాను, పులుపు సీసాన్ని లాగుతుంది. అయితే మన అల్లం టీ మరుగుతూ పోస్తే వేళ్ళు కాలతాయి. వాళ్ళు రోజూ తాగే సెంచా అనే గ్రీన్ టీ ఆకును 70, 80 డిగ్రీల నీళ్ళలో నానబెడతారు, పాలు కలపరు. అందుకే చెవితో పనిపడలేదు. మీరు ముప్పాతిక వరకే పోసుకుని, పై అంచు ఒక వేలితో, అడుగు ఇంకో వేలితో పట్టుకోండి. సముద్రపు గాలికి మన కిటికీ ఊచలు తుప్పు పట్టిపోతాయి గానీ పింగాణీకి ఏమీ కాదు. అద్దాల బీరువాలో దాచాల్సిన పని లేదు.

రెండు లక్షలు అన్నది అమ్మేవాడు పెట్టిన ధర, ఎవరూ ఇచ్చినది కాదు. లక్షల మాట మీ అబ్బాయిని మర్చిపొమ్మనండి.

ప్రశ్న: మా ఇంట్లో చెవి ఉన్న పల్చటి కప్పు ఉంది. బయట ఉబ్బెత్తుగా డ్రాగన్, అడుగున ‘మేడ్ ఇన్ జపాన్’. ఖాళీ కప్పును వెలుతురుకు పెడితే లోపల ఒక ఆడమనిషి ముఖం కనిపిస్తోంది. మా అమ్మ దాన్ని ముట్టుకోనివ్వదు. ఏమిటిది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: దయ్యం కాదు బాబూ. కప్పు అడుగు ఒక చోట పల్చగా, ఒక చోట మందంగా వచ్చేలా అచ్చు పోస్తారు. పల్చని చోట వెలుగు ఎక్కువ దిగుతుంది, మందమైన చోట నీడ పడుతుంది. ఆ వెలుగునీడలే ముఖం. దీన్ని లిథోఫేన్ అంటారు. విదేశీయుల కోసం లెక్కలేనన్ని చేశారు. ఎప్పటిదో తెలియాలంటే అడుగు రాత చూడండి. అమెరికా కస్టమ్స్ వాళ్ళ నిబంధన వల్ల 1891 నుంచి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది. 1921 వరకు ‘నిప్పాన్’ అని రాసేవారు, తర్వాత ‘జపాన్’ అనే రాయాలన్నారు. కాబట్టి మీది అంత పాతదేమీ కాదు. మీ అమ్మగారికి టార్చిలైటు వేసి చూపించండి, భయం పోతుంది.

ప్రశ్న: జపాన్ కప్పు పగిలి మూడు ముక్కలైంది. ఫెవిక్విక్‌తో అంటించి పైన గోల్డ్ పెయింట్ వేస్తే వాళ్ళ కింత్సుగి (పగిలిన పాత్రను అతుకుల మీద బంగారం కనిపించేలా అతికే పద్ధతి) అయిపోతుందా? తర్వాత టీ తాగొచ్చా?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: చూడ్డానికి అలా ఉంటుంది, కానీ కాదు. టీ తాగొద్దు. వేడికి ఆ జిగురు వదులుతుంది, అది లోపలికి వెళ్ళాల్సిన పదార్థమూ కాదు. అసలు పద్ధతిలో వాడేది ఉరుషి అనే చెట్టు పాలు. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తుంది, ఇది చెట్టు నుంచి. ఆ చెట్టు జీడిమామిడికి చుట్టమే, పచ్చి పాలు తగిలితే చర్మం జీడి రసానికి పొక్కినట్టే పొక్కుతుంది. దాన్ని పిండితో కలిపి ముక్కలు అతికి, వారాల తరబడి ఆరనిచ్చి, ఆఖరున అతుకుల మీద బంగారు పొడి చల్లుతారు. ఇది ఎండలో ఆరదు, తేమలో గట్టిపడుతుంది. అందుకని జపాన్‌లో తడి గుడ్డ వేసిన పెట్టెలో పెడతారు. భీమిలి ఉక్కలో మీకు ఆ పెట్టె ఖర్చు కలిసొస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే చవక కిట్లు చాలావరకు మామూలు జిగురు, మెరుపు పొడి. వాటితో అతికితే ఆ కప్పులో పెన్నులు పెట్టుకోండి.